మాట్లాడని దేవుడు

శనివారం సాయంత్రం ఆమె భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. మర్నాడు చర్చిలో ప్రకటనలు చదివేది ఆయనే. కాలరు నిటారుగా నిలబడాలి, చేతుల మడత చెదరకూడదు. "కమిటీలో ఉన్నవాణ్ణి, నలుగురూ చూస్తారు" అంటాడు. ఆ నలుగురూ ఆమెనీ చూస్తారన్న ఊహ ఆయనకెప్పుడూ రాలేదు. ఆదివారం పొద్దున చేతికి ఏది దొరికితే అదే ఆమె కట్టుకునేది.

పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో రోజంతా నవ్వి వచ్చింది. "పళ్ళు కనిపించేలా నవ్వమ్మా, మన వ్యాపారమే అది" అని డాక్టరు జోకేస్తే దానికీ నవ్వాలి. ఇంటికొచ్చి వంట, అంట్లు, ఇప్పుడీ ఇస్త్రీ. ఇదయ్యాక రేపటి సండే స్కూలు పాఠం చూసుకోవాలి. దేవుడు ఏ షరతూ లేకుండా ప్రేమిస్తాడు, ఎంత పెద్ద తప్పు చేసినా క్షమిస్తాడు. అదీ పాఠం.

ఏడేళ్ళ కూతురు నేలమీద బోర్లా పడుకుని ఆ పాఠానికే బొమ్మలు వేస్తోంది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా దాని నోరు ఆగదు.

"అమ్మా చూడు, దేవుడికి చేతులు పెద్దవి వేశా. అందర్నీ పట్టుకోవాలి కదా!" అంటూ ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో రంగునీళ్ళ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇస్త్రీపెట్టె వైరు కాలికి తగిలింది. నీలం నీళ్ళు చొక్కా ఛాతీ మీదంతా ఒలికిపోయాయి.

భర్త గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"తప్పయిపోయిందండీ, ఇంకోటి తీసి చేసేస్తాను" అంది ఆమె.

"ఒక్క చొక్కా చూసుకోలేవుగానీ, లోకంలో పిల్లలందరికీ పాఠాలు!" అన్నాడు. అంతే, తరవాత నోరు మూసుకున్నాడు.

ఆయన అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అంతకన్నా కాదు. ఆ మాట బంధువులందరూ ఆమెకు గుర్తు చేస్తూనే ఉంటారు. ఆయన కేవలం మాట్లాడడు. పక్కనే కూర్చుంటాడు, పెట్టింది తింటాడు, ఆమె ఉన్నచోట ఉత్త గాలే ఉన్నట్టు ఆమెను దాటి చూస్తాడు. ఆమె వెళ్ళి గది గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, తనది కాని తప్పుకు కూడా క్షమాపణ అడిగేదాకా అంతే. "వాడు చిన్నప్పట్నించీ అంతేనమ్మా, నువ్వే వెళ్ళి ఓ మాట అనేస్తే పోలా?" అంటుంది అదే ఇంట్లో ఉండే అత్తగారు. ఆ ఓ మాట అనేసి అనేసి ఆమె గొంతు అరిగిపోయింది.

ఆ సాయంత్రం ఆయన వీపు చూస్తూ నిలబడి, చప్పున కూతురి వైపు తిరిగింది. "నాతో మాట్లాడకు. నువ్వూ వద్దు, నీ బొమ్మలూ వద్దు. ఫో!"

పిచ్చుక మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గరా మాట్లాడలేదు. పొద్దున తనే జడ వేసుకుంది, పాపిడి వంకరగా. పాలగ్లాసు తనే కడిగి బోర్లించింది. ఆమె అదంతా చూసింది. చూసి, హమ్మయ్య, ఈ పూటకి ఇల్లు ప్రశాంతంగా ఉందనుకుంది.

చర్చి వెనక గదిలో పది పన్నెండు మంది పిల్లలు. ఆమె ఒక పలక తీసి, ఒక్కొక్కరినీ పిలిచి తాము చేసిన తప్పొకటి రాయమంది. అబద్ధం చెప్పా, తమ్ముణ్ణి గిల్లా, లెక్కల్లో కాపీ కొట్టా. ఒకడు 'పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నిద్రపోయా' అని రాస్తే గదంతా గొల్లుమంది. ఆమె తడిగుడ్డతో పలక తుడిచి చూపించింది.

"చూశారా? దేవుడు ఇలా తుడిచేస్తాడు. సరే, మనం తప్పు చేసినప్పుడు దేవుడు మనతో ఎలా ఉంటాడు? ఎవరు చెప్తారు?"

చివరి వరసలోంచి పిచ్చుక చెయ్యెత్తింది. నిన్నటి నుంచి అది నోరు విప్పడం అదే మొదలు.

"మాట్లాడడు."

"ఎవరు మాట్లాడరు?"

"దేవుడు. మనం తప్పు చేస్తే మాట్లాడడు. మనం వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి, ఏడ్చి, చాలాసార్లు సారీ చెప్పాలి. అప్పుడు మాట్లాడతాడు." పిల్ల ఆగి, ఇంకా సరిగ్గా చెప్పాలనుకున్నట్టు, "నువ్వు నాన్నకి చెప్తావు కదా, అలా" అంది.

ఒకరిద్దరు పిల్లలు నవ్వారు. ఆమె చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం తను నోటితో చెప్పింది ఒకటి, ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి చూపించింది ఇంకొకటి. పిల్ల నేర్చుకున్నది రెండోది. తనను ఇన్నేళ్ళూ వేధించిన ఆ మౌనాన్నే తీసుకొచ్చి, ఆయన మీద చూపించలేక, తన నడుమెత్తు కూడా లేని పిల్ల మీద చూపించింది. పైగా ప్రశాంతంగా ఉందనుకుంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి సర్దిచెప్పి పాట అందుకోవచ్చు, పిల్లలకేం తెలుస్తుంది. కానీ వాళ్ళలో ఒక పిల్లకి తెలుసు.

వెళ్ళి పిచ్చుక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పు చెప్పావమ్మా. కాదు, నువ్వు సరిగ్గానే చెప్పావు, నేనే తప్పు చూపించా. దేవుడు అలా ముఖం తిప్పుకోడు. నిన్న అలా చేసింది నేను. నీళ్ళు ఒలికితే ఒలికాయి. నీతో మాట్లాడననడం నా తప్పు. నన్ను క్షమించు."

పిచ్చుక, "అయితే ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?" అంది.

ఆ ప్రశ్న ఆమె గుండెలో ముల్లులా దిగింది. పిల్లను దగ్గరికి లాక్కుంది గానీ, ఆ పలచటి భుజాలు వెంటనే మెత్తబడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త మాట్లాడకుండా కంచం ముందుకు జరిపాడు. ఆమె వడ్డించింది. తిని లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు ఎప్పటిలాగే సగం తెరిచి ఉంచాడు, ఆమె వచ్చి నిలబడటానికి. అత్తగారు కళ్ళతో ఆ తలుపు వైపు చూపించింది. పిచ్చుక తినడం ఆపి అమ్మకేసి చూస్తోంది, ఇప్పుడు వెళ్తుంది అన్నట్టు.

ఆమె వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికి వెళ్ళింది.

"చొక్కా పాడైనందుకు నిన్ననే తప్పయిందన్నాను. అది మీకు వినపడింది. మళ్ళీ చెప్పను. మీకు మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడండి, నేను వింటాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తిరిగొచ్చి, కంచం పెట్టుకుని, అన్నం చల్లారకముందే కూర్చుంది.

"ఇదేం పంతమే తల్లీ!" అంది అత్తగారు గొంతు తగ్గించి. "పదిమంది పిల్లలకి క్షమించడం నేర్పేదానివి, కట్టుకున్నవాణ్ణి క్షమించలేవూ?"

"క్షమించాను అత్తయ్యా. అడుక్కోవడమే మానేశాను."

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. గదిలోంచి ఏ చప్పుడూ లేదు. ఆ మౌనం ఎన్నాళ్ళుంటుందో ఆమెకు తెలీదు. ఇదివరకైతే ముద్ద దిగేది కాదు. ఇప్పుడు మెల్లగానైనా దిగుతోంది.

పిచ్చుక ఏదో అనబోయి నోరు తెరిచింది. తెరిచి, ముందు అమ్మ ముఖం చూసింది, మాట్లాడొచ్చో లేదో అని.

ఒక్క సారీతో పోయేది కాదు ఆ చూపు. అది పోయేదాకా, ఎన్నాళ్ళు పట్టినా, ఎవరి తప్పయినా, ముందు తనే పిల్లతో మాట్లాడాలనుకుంది.

"చెప్పమ్మా" అంది.