దీపం వేళ

"పొద్దుగూకే వేళకి కోడలు ఇంట్లో లేకపోతే అది ఇల్లేనా అమ్మాయ్?"

పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే అత్తగారు నిర్మలాదేవి అన్న మాట. ఉదయశ్రీ కాపురానికొచ్చిన రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టేది ఆమే. ఇంకెవరూ అగ్గిపెట్టె ముట్టరు.

ఖమ్మంలోని ఫార్మసీ కాలేజీ ల్యాబులోకి వచ్చినా ఆ మాట వదల్లేదు. గైడ్ జైరాం సార్ అంతకంటే చేదు మాట చెప్పాడు.

"మళ్లా గదే అయింది ఉదయా. మందంతా మొదటిరోజే బయటికొచ్చింది. వచ్చేవారం కమిటీ వస్తుంది. ఈసారి గూడ గిట్లనే అయితే ప్రాజెక్టు వేరేవాళ్లకిస్తరు. ఏమన్న మార్చినవా?"

"లేదు సార్. ఎప్పుడూ చేసినట్టే చేశా."

ఆమె చేసేవి కంటికానని పూసలు. ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలిమర్, దాని లోపల ప్రోటీన్ మందు. ఒక్క సూది వేస్తే నెలంతా కొద్దికొద్దిగా మందు ఊరాలి. అది సాధిస్తే ములకలపల్లి అడవి ఊళ్లవాళ్లు రోజూ సూది కోసం దవాఖానాకు బస్సెక్కే పనుండదు. "మా ఆవిడ పూసలు చేస్తది, దండ గుచ్చుదామంటే దొరకవు" అని భర్త భాస్కర్ స్నేహితుల ముందు నవ్వించిన పూసలు ఇవే. వాళ్లు నవ్వుతూ తాగిన టీ కప్పులు కడిగింది కూడా ఆమే.

మైక్రోస్కోపులోకి చూసింది. పూస నిండా గుంటలు, అట్టు మీద కన్నాల్లా. పెనం మరీ కాలినప్పుడు పడే కన్నాలు.

ఉదయశ్రీ చెయ్యి ఆగింది.

గబగబా పాత సీసాలన్నీ తీసి ఒక్కొక్కటే చూసింది. అన్నింటిలోనూ గుంటలే. ఒక్కదాంట్లో మాత్రం పూసలు నున్నగా మెరుస్తున్నాయి. అది ఎప్పుడు చేసింది? అత్తగారు పెనుబల్లిలో తమ్ముడింటికి వెళ్లిన వారం. ఇంటి నుంచి ఫోన్ రాని వారం. ఆ రోజుల్లో పాలిమర్‌ని కరిగించిన ద్రావకం దానంతటదే ఆవిరయ్యేదాకా కూర్చుంది. మిగతా అన్నిసార్లూ దీపం వేళకి ఇల్లు చేరాలని బీకరు కింద కాస్త వేడి పెంచింది. ఆ కాస్తకేం అవుతుందిలే అనుకుంది. తొందరపడి పోయిన ద్రావకం పూసల్ని తూట్లు పొడిచి పోయింది.

వెంటనే కొత్త మందు కలిపింది. వేడి స్విచ్చు ముట్టలేదు. కిటికీ ఎర్రబడింది, ఫోన్ మోగింది.

"ఏందమ్మాయ్, ఇంకా రాలేదు? దీపం ఎవరు పెడతారు?"

"ఆయన ఇంట్లోనే ఉన్నారుగా అత్తయ్యా. పెట్టమనండి."

"వాడా! మగాడు దీపం పెట్టడమేంది? వాడికి అగ్గిపెట్టె ఎక్కడుంటదో తెలుసా?"

"సిగరెట్టు ముట్టించుకునేప్పుడు బాగానే దొరుకుద్దిగా."

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత భాస్కర్ గొంతు వచ్చింది. "నీ పూసలు రేపు చేసుకుంటే కరిగిపోతయా?"

"కరగాల్సిందే. కానీ వాటి తీరికలో. నేనూ నా తీరికలోనే వస్తా." ఫోన్ ఆపి సంచిలో పడేసింది. మళ్లీ బీకరు ముందు కూర్చుంది.

కమిటీ రావడానికి ముందురోజు జైరాం సార్ మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తాడు. ఆయన మొహమంతా నవ్వే.

"ముత్యాల్లెక్క ఉన్నయి! మందు గూడ సుక్క సుక్కే వస్తున్నది. ఏం మార్చినవమ్మా?"

"మా ఇంట్లో దీపం పెట్టే మనిషిని మార్చాను సార్."