అహల్యకు శుక్రవారం సెలవు

"పొద్దున్నే ఈ ముస్తాబేమిటి? ఇవాళా రేపూ మనకి సెలవేగా!"

జట్కా దిగి, మామిడిపండ్ల గంప చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ విద్యాసాగర్ అన్న మొదటి మాట అది. దసరా తర్వాత భార్య మొగం చూడడం అదే. అహల్య అప్పటికి ఒక చేత్తో జడ చుట్టుకుంటూ, ఇంకో చేత్తో పొయ్యిమీది పప్పు కలుపుతోంది. నోట్లో జడపిన్నులు. పిన్నులు గనక లేకపోతే ఆ క్షణాన ఏమనేదో గాని, నోరు ఖాళీ అయ్యేసరికి కోపం సగం దిగి, సంతోషం పైకి వచ్చేసింది. మనిషి నల్లబడ్డాడు, మీసం మాత్రం ఏపుగా పెరిగింది. బాగున్నాడు దొంగ.

"మనకు గాదు, మీకు," అంది. "నా సెలవు నిన్ననే అయిపాయె."

ఆ రోజుల్లో నిజాంగారి రాజ్యంలో సెలవు శుక్రవారం. ఇంగ్లీషువాళ్ళ బెజవాడలో ఆదివారం; ఈసారి కంపెనీవాళ్ళు శనివారం కూడా కలిపిచ్చారు. రాత్రి నాంపల్లిలో బండెక్కి తెల్లారి బెజవాడలో దిగితే చాలు, సెలవుదినం కాస్తా రెండు రోజులు అవతలికి దూకి కూర్చునేది. మొగుడూ పెళ్ళాలను కలవనీయకుండా రెండు ప్రభుత్వాలు కూడబలుక్కుని చేసిన పని అని అహల్య మేనత్త సౌభాగ్య గట్టిగా నమ్మేది.

విద్యాసాగర్ మొగం వాడిపోయింది. "నాకు తెలీదే!"

తెలియదు. అదే ముల్లులా దిగింది అహల్యకు. పెళ్ళై మూడేండ్లు. ప్రతిసారీ తనే పోయింది. ఆయన ఆదివారం కోసం తను ఫోటో దుకాణం యజమాని బాలకిషన్ సేటును బతిమాలి, తన సెలవులన్నీ అక్కడ ఖర్చుపెట్టేది. బెజవాడలో బండి దిగి కాళ్ళు కడుక్కునేలోపే అత్తగారు పిండిముద్ద ముందర పెట్టేది. "వచ్చినదానివి ఊరికే కూచుంటావా, ఆ అప్పడాలు కాస్త ఒత్తిపెట్టు. ఫోటోలు తీసేదానికన్నా కష్టమేం కాదులే." ఒత్తుతూ ఒక్కమాట మాట్లాడితే, "ఇదేం తెలుగే తల్లీ, సగానికి సగం ఉర్దూ!" అని పక్కింటివాళ్ళను పిలిచి మరీ వినిపించేది. దాంతో అహల్య ఆ ఇంట్లో మాట్లాడడం మానేసింది. మాటల్లేని కోడలని ఊరంతా మంచి పేరొచ్చింది. మూడేండ్లలో ఆయనకు ఇటు రావలసిన అవసరం ఎన్నడూ పడలేదు గనక, భార్యకు సెలవు ఏ రోజో తెలుసుకోవలసిన అవసరమూ పడలేదు.

"పోనీలే, ఈ రెండ్రోజులేగా," అన్నాడతను గంప దించుతూ. "అసలు సంగతి విను. కంపెనీవాళ్ళు క్వార్టరిచ్చారు అహల్యా! రెండు గదులు, వెనకాల పెరడు. రేపు రాత్రి బండికి ఇద్దరం వెళ్ళిపోదాం. అమ్మ కూడా తీసుకురమ్మంది. మీ సేటుతో ఇవాళే చెప్పేసెయ్. ఈ ఎండలో నీకెందుకా తిరుగుడు, రాణీలాగా ఇంట్లో ఉండక."

అహల్య పప్పు దించి, చెంగుతో చేతులు తుడుచుకుంది. "పప్పు దించిన. అన్నం వండి, కారియర్ కట్టి మధ్యాన్నం ఆబిడ్స్‌కు తెస్తరా?" అని మాత్రం అడిగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో మిగిలింది విద్యాసాగర్, నులకమంచం మీద సౌభాగ్య. ఆమె అల్లుడి మర్యాదలు ఎంత బాగా చేసిందంటే, "అల్లుడా, నల్లా పోయేటట్టున్నది, బిందెలు అందుకో. పోతె మల్ల రేపటిదాక రాదు," అని ఇత్తడి బిందె చేతిలో పెట్టింది. నల్లా దగ్గర ఆడవాళ్ళ వరుసలో ధోవతి ఎగగట్టి నిలబడ్డ మీసాల మనిషిని చూసి వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది.

"సౌభాగ్యక్కా, కొత్త పనోన్ని పెట్టుకున్నవా?"

"పనోడు గాదే, బెజవాడ దొర! జర సైడియ్యున్రి!"

ఆ ఎండ సంగతి చెప్పాలంటే, నాంపల్లి స్టేషన్ ముందర జట్కా గుర్రాలు ఒకదాని నీడలో ఒకటి నిలబడడానికి కొట్లాడుకుంటున్నాయి. ఆ ఎండలో విద్యాసాగర్ కారియర్ పట్టుకుని ఆబిడ్స్‌కు నడిచాడు. 'బాలకిషన్ అండ్ సన్స్, ఫోటోగ్రాఫర్స్' అని బోర్డు. ఆ సన్స్‌లో ఒక్కడికీ కెమెరాలో గాజుప్లేటు ఏ దిక్కున పెడతారో తెలియదు. దుకాణం నడిచేదంతా వెనకవైపు జనానా గది మీద. పర్దా పాటించే ఇండ్ల ఆడవాళ్ళు ఫోటో దిగాలంటే తీసేది ఆడమనిషై ఉండాలి గనక, ఊళ్ళోని నవాబుల దేవిడీల పర్దా కార్లన్నీ అక్కడే ఆగేవి. ఫోటో కింద మాత్రం సేటు పేరే పడేది. "ఆడోళ్ళ పేరేస్తె గిరాకి నమ్మదమ్మా," అనేవాడు సేటు, అదేదో ఆమె మేలుకోరి చెబుతున్నట్టు.

పర్దా ముందర కాపలా పోశవ్వ అడ్డం నిలబడింది. "ఓ అయ్యా, యాడికి? మగ పిల్లి గూడ ఈ తెర దాటదు."

"నేను ఆమె భర్తనండీ!"

"భర్తవైతె ఏంది? మా సేటే లోపటికి పోడు. కారియర్ ఇటియ్యి, గాడ డ్రైవర్ల పక్కన కూసో."

లోపల అహల్య కెమెరా నల్లగుడ్డ కింద ఉంది. ఆ గుడ్డ కింద ఉక్క గురించి అందరూ జాలిపడేవాళ్ళు. ఆమెకు మాత్రం లోకంలో అంత చల్లని చోటు లేదు. అక్కడ ఎవరూ పిలవరు, ఎవరూ అప్పడాలు ఒత్తమనరు. కెమెరా వెనక గాజు మీద మనుషులంతా తలకిందులుగా కనిపిస్తారు. ఎంత గొప్ప దేవిడీ బేగమైనా అక్కడ కాళ్ళు పైకే. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు అలా తలకిందుల మొగంలోనే ఆ మనిషి దిగులో, గర్వమో, కొత్తపెళ్ళి భయమో ముందే పట్టేస్తుంది. ఇప్పుడు గుడ్డ కింద నిలబడి క్వార్టర్ గురించి ఆలోచిస్తోంది. రెండు గదులు. పెరట్లో మంచం వేసుకుని, ఆయన చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. అది కావాలని లేదా? ఉంది, ఒళ్ళంతా ఉంది. ఆయన వస్తున్నాడని నిన్న శుక్రవారం మంచం దుప్పటికి గంజి పెట్టి ఎందుకు ఆరేసింది మరి? కాని ఆ రెండు గదుల్లో ఈ నల్లగుడ్డ వేసుకునే మూల ఏదీ? ఆయన చెప్పిన ఇల్లంతా మనసులోనే వెతికింది. కనిపించలేదు.

ఎదుట ఒక ముసలి బేగం, పక్కన పెళ్ళికూతురైన మనుమరాలు. ఫోటోకు ఊపిరి బిగబట్టాలని బేగంగారికి ఎవరో చెప్పారట. బిగబట్టీ బిగబట్టీ ఆమె మొగం గుత్తివంకాయలా నిగనిగలాడుతోంది. అప్పటికే రెండు ప్లేట్లు పాడయ్యాయి. "ప్లేట్లు చెట్లకు కాస్తున్నయా?" అని సేటు నిన్నమొన్ననే అందరి ముందరా అన్నాడు. ఇంకొకటి పాడైతే పెళ్ళికూతురు మాట దేవుడెరుగు, అహల్య పరువు పోతుంది.

అప్పుడు పర్దా అవతలినుంచి ఒక గొంతు వినిపించింది. బెజవాడ గొంతు, వచ్చీరాని ఉర్దూలో, డ్రైవర్లకు కథ చెబుతోంది. "మీదీ ఒక ఎండేనా భాయ్! మా బెజవాడలో కృష్ణ ఉడుకుతుంది. జనం ఉప్పూ కారం చింతపండూ పట్టుకుపోయి ఒడ్డున కూర్చుంటారు, చేపలపులుసు తయారుగా ఉంటుంది. మొన్న ఒక మొసలి మా ఇంటికొచ్చి తలుపు కొట్టింది. ఏం కావాలి అన్నాను. కాస్త మజ్జిగ ఇప్పించండి అంది. ఉప్పు వేసి ఇచ్చాను. తాగి, సలాం చేసి పోయింది."

బేగం ఊపిరి భళ్ళున బయటపడింది. అంత పెద్ద మనిషి పొట్ట పట్టుకుని నవ్వింది. మనుమరాలు ఆమె భుజం మీద పడి నవ్వింది. అహల్య తనూ నవ్వుతూనే మీట నొక్కింది.

"కౌన్ హై యే ఝూటా?" అంది బేగం కళ్ళు తుడుచుకుంటూ. ఎవరే ఈ అబద్ధాలకోరు?

"మేరా హై, బేగం సాహెబా." నావాడే.

అనేసిన తర్వాత ఆ మాటను అహల్య తనే విని ఆశ్చర్యపోయింది. బెజవాడలో ఎవరడిగినా తను 'సాగర్ పెళ్ళాం'. ఈ గదిలో ఆయన తనవాడు. గుండెలో ఏదో గట్టిపడి, అంతలోనే తేలికైంది.

సాయంత్రం ఇద్దరూ ఆబిడ్స్ దీపాల కింద ఫాలూదా తాగారు. అతను గ్లాసు తిప్పుతూ అడిగాడు. "మధ్యాహ్నం లోపల గట్టిగా ఆజ్ఞలిస్తూ, నవ్వుతూ ఒక గొంతు వినపడింది. నువ్వేనా?"

"ఔ."

"మా ఇంట్లో ఎప్పుడూ వినలేదే!"

"మీ ఇంట్ల నవ్వెటందుకు తీరిక యాడిది?"

అతనేదో సరదా మాట అనబోయి, మానుకున్నాడు. అతను సరదా మాట మానుకోవడం అహల్య చూడడం అదే మొదలు.

ఆదివారం కూడా ఆమె పనికి పోయి వచ్చేసరికి ఇంట్లో పొగ. సౌభాగ్య మంచం మీంచి ఆజ్ఞలిస్తూ అల్లుడిచేత పచ్చిపులుసు, వంకాయకూర చేయించింది. పీట వేసి, ఆకు వేసి, అతను గరిటె పట్టుకుని నిలబడ్డాడు. "కూర్చో." అహల్యకు కూర్చోవడం రాలేదు. లేచి నీళ్ళు తెచ్చుకోబోయింది. "కూసోవే బిడ్డా, నీళ్ళు గూడ ఆయనే ఇస్తడు, చేతులున్నయి," అని మేనత్త గసిరింది.

వేడన్నం. కూరలో ఉప్పు జర ఎక్కువే. "ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు. అమ్మ పోయిన తర్వాత ఆ మాట ఆమెను అడిగినవాళ్ళు లేరు. వెయ్యమంది. తిని, మళ్ళీ వెయ్యమంది.

"నిలబడీ నిలబడీ నడుం విరిగింది," అన్నాడు విద్యాసాగర్ గోడకు ఆనుకుని. "రోజూ ఇదంతా ఎవరు చేస్తారు?"

"దయ్యాలు జేస్తయి అల్లుడా!" అంది సౌభాగ్య. "పొద్దుగాల వచ్చి జేసి పోతయి, మొగోళ్ళకు కనబడయి."

అహల్యకు పొరపోయింది. అతనూ నవ్వాడు గాని, నవ్వు మధ్యలో ఆగిపోయి భార్య చేతుల వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలిసింది. అప్పుడే, ఆకు మడుస్తూ, నిశ్చయించుకుంది. కోపంతో కాదు. కడుపు నిండిన మనిషి నిశ్చయించుకున్నంత నింపాదిగా.

ఆ రాత్రి నాంపల్లి స్టేషన్‌లో టికెట్ కిటికీ ముందర జనం తోసుకుంటున్నారు. విద్యాసాగర్ వెనక్కి తిరిగి, "సేటుతో చెప్పావా?" అన్నాడు. గట్టిగా కాదు, భయం భయంగా.

"చెప్పలె. చెప్పను," అంది. "క్వార్టర్ల అత్తమ్మ ఉంటది, పెరడున్నదట గదా. మూడేండ్లు నేను మీ సెలవుకు వచ్చిన. ఇగ మీరు నా సెలవుకు రాండ్రి. మీకు కంపెనీ ఇచ్చే సెలవులన్ని అట్లనే ఉన్నయి గద, ఒక్కటి గూడ నా కోసం వాడలే."

గుమాస్తా కిటికీలోంచి అరిచాడు. "ఒకటా రెండా? జల్ది చెప్పున్రి, ఎనక జనమున్నరు!"

విద్యాసాగర్ పక్కకు జరిగి భార్యకు చోటిచ్చాడు. మీసం కింద నవ్వు మెల్లమెల్లగా విచ్చుకుంటోంది. అహల్య కిటికీ దగ్గరికి వంగి, బేగములను సరిగ్గా కూర్చోబెట్టే ఆ గొంతుతోనే అంది.

"బెజవాడకు ఒక్కటి. పోను రాను రెండు దిక్కులకు ఇయ్యున్రి. ఆయన ఇల్లు గీడనే ఉన్నది."