నెత్తిన బెజ్జం

ఆరేసిన గుడ్డల మీద దుమ్ము పడుతుందని అద్దకం గది కిటికీలకు యజమాని మేకులు కొట్టించాడు. అక్కడ పనికి వెళ్లి రంగు తొట్ల ఆవిరిలో పగలంతా నిలబడే కోడలికి సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది. మేకులు పీకించమని అడిగింది. వినకపోతే గట్టిగా అడిగింది. ఆ కబురు ఇంటికి చేరింది.

మామగారి లెక్కలో తలనొప్పీ నోటి దురుసూ ఒకటే జబ్బు. తలలో ఏదో బిగిసిపోయింది, దానికి దారి ఇవ్వాలి అన్నాడు. పుర్రెకు రంధ్రం చేసి రోగాన్ని బయటికి పంపుతానని చెప్పుకొనే బెజ్జాలాయనను పిలిపించాడు. ఆ ఇంట్లో అతని మీద గురి ఎక్కువ. అత్తగారికి పెళ్లయిన కొత్తలో బెజ్జం పెట్టింది అతని తండ్రే. అప్పట్లో ఆవిడ ఒకరి చేత మాట పడే మనిషి కాదట. ఆ తర్వాత నోరెత్తి ఎరగదు. పాపిట పక్కన బొటనవేలు పట్టేంత గుంట ఇంకా ఉంది.

సెలవు రోజు పొద్దున్నే వంటింటి పక్క గదిలో కుర్చీ వేశారు. బెజ్జాలాయన చేత్తో తిప్పే బరమాను వేడినీళ్లలో కడిగాడు. కోడలు కూర్చోలేదు.

"నాకు నొప్పి ఆ ఆవిరి వల్ల. బెజ్జం పెట్టాలనుంటే వెళ్లి ఆ అద్దకం గది గోడకి పెట్టండి," అంది.

భర్త నేలచూపులు చూశాడు. మామగారు ఆమె రెక్క పట్టుకుని కూలేసి, తల కదలకుండా పట్టుకోమని భార్యకు చెప్పాడు. అత్తగారు వెనక నిలబడి కోడలి తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. బెజ్జాలాయన బరమా ఎత్తగానే ఆ చేతులు తలను వదిలేశాయి. అత్తగారు ముందుకొచ్చి బెజ్జాలాయన చేతిలోంచి బరమా లాగేసుకుంది.

"నా కోపం ఎక్కడికీ పోలేదండీ," అంది మొగుడితో. "నోరు విప్పితే ఇంకోటి పెట్టిస్తారని భయపడి ఊరుకున్నాను, అంతే. ఈ పిల్ల తలమీద చెయ్యి వేశారంటే మర్యాద దక్కదు."

బెజ్జాలాయన బరమా ఇమ్మన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. ఖాళీ సంచీతో వెళ్లాడు.

మర్నాడు అత్తగారు కోడలి వెంట పనికి వెళ్లింది. యజమాని గుమ్మానికి అడ్డంగా బాసింపట్టు వేసుకు కూర్చుని, ఇన్నేళ్లూ మింగిన మాటలన్నీ అతని మీద గుమ్మరించింది. పనివాళ్లు తొట్లు వదిలి వచ్చి ఆవిడ చుట్టూ నిలబడ్డారు. మధ్యాహ్నానికి మేకులు ఊడాయి.

కోడలికి తలనొప్పి తగ్గింది. నోరు తగ్గలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు రోజూ పోట్లాడుకుంటారు. మధ్యలో మామగారు కలగజేసుకుంటే మాత్రం ఇద్దరూ ఒకటైపోతారు.