అమల తర్వాత నవనీత

తార్నాకలోని ఆ ఆడపిల్లల హాస్టల్లో గీజరు ఒక్కటే. పొద్దున్నే ఎవరూ వరుసలో నిలబడరు. కిందికి దిగి, హాస్టల్లో పనిచేసే రాములవ్వను "ఆఖరు ఎవరు?" అని అడిగి, ఆ పేరు గుర్తుపెట్టుకుని మళ్లీ పైకెళ్లి ముసుగు తన్నడమే అక్కడి ఆచారం.

ఆ రోజు నవనీత అమల తర్వాత. పదిన్నరకు క్యాంపస్‌లో లిడియా మేడమ్‌కు ప్రాజెక్టు చూపించాలి. ఇది మూడోసారి, ఆఖరుసారి. ఇప్పుడూ తప్పితే సెమిస్టరంతా మళ్లీ చదవాలి.

ప్రాజెక్టు దవాఖాన టోకెన్ల ప్రోగ్రామ్. మొదటిసారి పేర్లన్నీ వరుస గళ్లలో పెట్టింది. మధ్యలో ఒక రోగి లేచిపోతే వెనకున్నవాళ్లందరినీ ఒక్కో గడి జరపాల్సి వచ్చింది. రెండోసారి లింక్డ్ లిస్ట్‌తో క్యూ కట్టింది. అందులో ఒక్కో పేరూ తన వెనక పేరును మాత్రమే పట్టుకుని ఉంటుంది. మేడమ్ నాలుగో టోకెన్ తీసేయమన్నారు. తీసేసరికి ఐదో రోగి నుంచి చివరిదాకా అందరూ మాయమయ్యారు.

"రోగుల్ని ఇంత తొందరగా ఖాళీ చేసిన దవాఖాన నేనెక్కడా చూడలేదమ్మా" అన్నారు మేడమ్. క్లాసంతా నవ్వింది. నవనీతకు ఏడుపొచ్చింది.

ఇప్పుడూ అదే తప్పు ముందేసుకుని, అమల స్నానం చేసి పైకొస్తుందిలే అని ఎదురుచూస్తూ కూర్చుంది. ఎనిమిదైంది. అమల రాలేదు. కిందికి వెళ్తే రాములవ్వ గీజరు ఆర్పేసి నేల కడుగుతోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నవనీతకు.

"అవ్వా, అమల స్నానం అయిందా?"

"అమల గీడ ఏడున్నది? ఆరింటికే బస్సెక్కి ఊరికి పాయె."

"నేను అమల తర్వాత కదా. నాకు చెప్పి పోవద్దా?"

"ఆమె ఎనక నువ్వున్నవని ఆమెకేం ఎర్క? ఆమెకు ముంగటామె ఒక్కతే ఎర్క." రాములవ్వ చీపురు గోడకు ఆనించింది. "నేను మేస్త్రీ పనికి పోయినప్పుడు ఇటుకలు చేతుల మీద అందిచ్చేటోళ్లం. నడుమల ఒకామె నీళ్లు తాగ పోతే ఇటామెకు చెప్తది, అటామెకు చెప్తది. లేకుంటే ఇటుక కాలు మీద పడ్తది. ముంగట, ఎనక రెండూ ఎర్కుండాలె బిడ్డా."

నవనీత బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముందు పేరునూ వెనక పేరునూ రెండిటినీ పట్టుకునే డబ్లీ లింక్డ్ లిస్ట్ నోట్సులో చదివిందే. రెండు వైపులా ముళ్లు వేయడం తలనొప్పి అని వదిలేసింది. గబగబా చన్నీళ్లు గుమ్మరించుకుని గంటసేపు కీబోర్డు మీద కూర్చుంది. పోయేవాళ్లు ముందువాళ్లనూ వెనకవాళ్లనూ కలిపే పోవాలి. అంతే మార్చింది.

క్యాంపస్‌లో మేడమ్ మళ్లీ నాలుగో టోకెన్నే తీయమన్నారు. మూడో రోగి వెనక ఐదో రోగి బుద్ధిగా వచ్చి నిలబడ్డాడు. మొదటివాడిని తీసినా, చివరివాడిని తీసినా ఎవరూ మాయం కాలేదు.

"మరి గుండ్రంగా కలిసే సర్క్యులర్ లిస్ట్ ఎందుకు వాడలేదమ్మా?"

"అట్ల కలిపితే మందులు తీసుకున్నోళ్లే మళ్ల మొదటికి వస్తరు మేడమ్."

"కొన్ని దవాఖానలు అలానే ఉంటాయిలే" అని మేడమ్ నవ్వి, సంతకం పెట్టారు. నవనీత మెట్లు దిగుతూ రెండుసార్లు ఆ సంతకం చూసుకుంది.

హాస్టల్లో ఆ సాయంత్రమే కొత్త రూలు పెట్టించింది: ఎవరు పోయినా ముందు పిల్లకూ వెనక పిల్లకూ చెప్పే పోవాలి.

ఆదివారం తెల్లవారుజామునే మళ్లీ అమల వెనక పేరు చెప్పొచ్చి, హాయిగా ఏడుదాకా పడుకుందామని ముసుగు తన్నింది. ఆరింటికే ఎవరో తలుపు బాదారు. చూస్తే అమల.

"చర్చికి జల్ది పోవాలె, నీళ్లు పోసుకుంటలేను. ఇప్పుడు నీ ముంగట జ్యోతిర్మయి. ఆమెను గూడ లేపి చెప్పిన."

రూలు పెట్టించింది తనే కాబట్టి తిట్టడానికి నవనీతకు ఎవరూ దొరకలేదు. కళ్లు నులుముకుంటూ బకెట్ అందుకుంది.