సొరుగులో త్రివేణి

"లొకేషన్ పెట్టినవా?" అని అడిగాడు శ్రీకర్, పప్పులో ఉప్పు వేశావా అన్నంత మామూలుగా. పిండి అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని త్రివేణి ఫోన్ అందుకుంది. వాట్సాప్‌లో పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు ఉంటాయి. ఆమెకు మూడోదే రాసిపెట్టి ఉంది. నొక్కి, మళ్లీ చపాతీలు ఒత్తుకుంది.

పెళ్లయిన కొత్తలో దీన్ని ప్రేమ అనుకుంది, పిచ్చిది. "నాందేడ్ నీకు కొత్త, యాడన్న తప్పిపోతవ్" అన్నాడు మరి. తొమ్మిదేళ్లయినా ఆ కొత్త పోలేదు. కూరగాయలకు ఒక వీధి అవతలికి వెళితే రైల్వే ఆఫీసులో కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది. "గాడ పదిహేను నిమిషాలు ఏం పని నీకు?" అంటాడు. అత్త కోటమ్మ కొడుకును వెనకేసుకొస్తుంది: "నీ బాగు కోసమే గదనే అడిగేది. దాపరికం లేనోళ్లకు భయమేంది?" పొద్దున ఐదింటికి లేచి వండి, అంట్లు తోమి, బట్టలు పిండే గంటల్లో మాత్రం ఆమె ఎక్కడుందని ఎవరూ అడగరు. వంటింట్లో ఉన్న ఆడదాన్ని మ్యాపులో వెతకాల్సిన అవసరం ఎవరికుంది?

నాందేడ్‌కు గంటన్నర దూరంలోని నాయ్‌గావ్‌లో ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్ కావాలన్న ప్రకటనను శుభాంగి చూపించింది. ఇద్దరూ నాందేడ్‌లోని వజీరాబాద్‌లో ఒకే కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తారు. జీతం ఎంతో త్రివేణి చూడనేలేదు. ఉండటానికి గది ఇస్తారన్న మాట దగ్గరే ఆగిపోయింది. తలుపు లోపలినుంచి తాను గడియ పెట్టుకునే గది. అడిగితే శ్రీకర్ ఏమంటాడో తెలుసు కాబట్టి అడగకుండానే దరఖాస్తు పెట్టింది. పిలుపు వచ్చింది.

"తూ జా గ, మీ బఘతే" అంది శుభాంగి మరాఠీలో, నువ్వు వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటానని. ఉపాయం ఇద్దరూ కలిసి పన్నారు. త్రివేణి సెలవు పెడుతుంది, ఆమె ఫోన్ మాత్రం డ్యూటీకి వస్తుంది. చప్పుడు ఆపేసి కౌంటరు సొరుగులో పెట్టాలి. ఎవరు చేసినా ఎత్తకూడదు. పని వేళ ఫోన్ ఎత్తనివ్వరని శ్రీకర్‌కు తెలుసు కనుక అనుమానం రాదు.

ఆ పొద్దున దారిలో ఫోన్ శుభాంగి చేతిలో పెట్టి త్రివేణి నాయ్‌గావ్ వెళ్లే సర్కారు బస్సెక్కింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఎవరికీ కనపడకుండా ప్రయాణం చేసింది. భయమేసింది. బాగుంది కూడా.

హాస్టల్ ఆఫీసులో మేడమ్ నాలుగు ప్రశ్నలు అడిగి, "కబ్ సే ఆ సకతే?" అంది, ఎప్పటినుంచి రాగలవని. "కల్ సే" అనేసింది త్రివేణి, రేపటినుంచే అని. పక్క బల్ల దగ్గర గుమాస్తా ఆమె పేరు ఎక్కించడానికి ఆధార్ నంబరు కొట్టి తలెత్తాడు.

"ఓటీపీ సాంగా, తాయీ" అన్నాడు, ఓటీపీ చెప్పండక్కా అని.

ఓటీపీ వజీరాబాద్‌లోని సొరుగులోకి వెళ్లింది.

గుమాస్తా ఫోన్ అడిగి తీసుకుని తన నంబరుకే చేసింది. ఒకసారి కాదు, ఏడుసార్లు. గొంతు నొక్కిన ఫోన్ ఎవరికి వినిపిస్తుంది? శుభాంగి నంబరు, దుకాణం నంబరు, అన్నీ సొరుగులోని ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. నోటికి వచ్చిన నంబరు ఇంకొక్కటే, శ్రీకర్‌ది. దానికి వేలు కదల్లేదు. గుమాస్తా మంచివాడే, రెండోసారీ మూడోసారీ ఓటీపీ పంపాడు. కానీ నాలుగింటికి జాబితా మూసేస్తారు, అప్పటికే రెండున్నర దాటింది. నాందేడ్ పోయి రావడానికి మూడు గంటలు పైనే. వరసలో తర్వాతి అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది.

దుకాణానికి తిరిగొచ్చేసరికి ఐదయింది. సంగతి విని శుభాంగి తల పట్టుకుంది. త్రివేణి సొరుగు లాగి ఫోన్ తీసింది. మూడు ఓటీపీలు, ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వాటి పైన శ్రీకర్ పంపిన మెసేజి.

"ఇయ్యాల నా పానం నిమ్మళంగ ఉంది. పొద్దటిసంది ఒక్క జాగల ఉన్నవ్, యాడికి తిరగలే. రోజు గిట్ల ఉంటే నీతోని నాకు లొల్లేంది?"

తొమ్మిదేళ్ల కాపురంలో అతను ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. "సరే" అని రాసి, ఆమె ఇంటిదారి పట్టింది.