కడిగిన ముత్యంలాంటి కడుపు

"అంత చదువూ చదివి, మీ కోడలు చివరికి వీధిలో అందరి దొడ్డీ డబ్బాల్లో పోగేస్తోందేమిటొదినా!" అని పక్కింటి దర్జీ భార్య అన్నదట. అత్తగారు బఠానీలు ఒలుస్తూ ఆ మాటను మూతివిరుపుతో సహా అప్పజెప్పింది.

డాక్టరమ్మకు కోపం రాలేదు. అందులో అబద్ధమేముంది? కడుపులో పురుగులు పోగొట్టే మందు కోసం పెళ్లికి ముందు నుంచీ పడుతున్న పాట్లవి. ఎలుకలకు పనిచేసింది, పందులకు పనిచేసింది. ఇక మిగిలింది మనుషులు.

కడుపులో కూర్చుని రక్తం పీల్చే కొంకిపురుగులు వీధిలో దాదాపు అందరికీ ఉన్నాయని మొదటి పరీక్షలో తేలింది. వాళ్లలో సగం మందికి కొత్త మందు ఇచ్చారు, సగం మందికి అచ్చం అలాగే ఉండే సుద్దబిళ్ళ. ఎవరికేది పడిందో డాక్టరమ్మకూ తెలియదు. ఆ గుట్టు పట్నంలో ఈ పరీక్షలు నడిపించే పెద్దాయన దగ్గర ఉంది. మందు మింగినవాళ్ల దొడ్డిలో పురుగు గుడ్లు పోయి, సుద్ద మింగినవాళ్లలో అలాగే ఉంటే మందు గెలిచినట్టు.

డాక్టరమ్మ ఒక్క పొరపాటు చేసింది. మాత్రలిచ్చే రోజు వరండాలో నిలబడి, బడిపంతులు హాజరు వేసినట్టు పేరుపేరునా పిలిచింది. ఎవరి కడుపులో ఎవరు కాపురమున్నారో వీధంతా వింది.

అందుకే రెండోసారి డబ్బాలు పంచితే ఒక్కరూ కదల్లేదు. నలుగురికీ ధైర్యం రావాలని, మాత్రలు మింగినవాళ్ల లెక్కలో లేకపోయినా అత్తగారిని ముందు ఒక డబ్బా ఇమ్మని బతిమాలింది. ఆవిడ మర్నాడు దాన్ని కొంగు చాటున తెచ్చి, తల ఎత్తుకుని బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత డబ్బాలు వరసకట్టాయి.

మైక్రోస్కోపులో చూస్తే ఒక్క గుడ్డు లేదు. రెండో డబ్బాలోనూ లేదు. ఏ డబ్బాలోనూ లేదు! డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. కాళ్లు నేలకు ఆనేలోగా గుర్తొచ్చింది, వీళ్లలో సగం మంది మింగింది సుద్ద.

"సుద్ద కూడా నీ మందంత పనిచేస్తుంటే ఇంక మందెందుకమ్మా?" అన్నాడు పెద్దాయన ఫోనులో. "బడికెళ్లి బోర్డు దగ్గర సుద్దముక్కలు ఏరుకుంటే పోలా? రేపటికి సంగతి తేల్చు. లేదంటే దుకాణం కట్టేద్దాం."

ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని డబ్బాలన్నీ మళ్లీ తెరిచింది. అన్నింట్లోనూ జామగింజలు. పళ్లు లేని ముసలమ్మ డబ్బాలో జామగింజలు. జామ వాసనకే ఒళ్లంతా దద్దుర్లెక్కే పాలవాడి డబ్బాలోనూ అవే! వీధిలో పొద్దు వాలగానే గుమ్మంలో కూర్చుని జామపళ్లు నమిలేది ఒక్క దర్జీయే. కాచిన నీళ్లు తప్ప తాగడు, ఇంట్లో కూడా చెప్పులు విప్పడు, గీతలరిగేలా చేతులు కడుగుతాడు. మొదటి పరీక్షలో వీధి మొత్తానికి పురుగు దొరకని కడుపు అదొక్కటే.

డాక్టరమ్మ విసవిసా దర్జీ కొట్టుకు వెళ్లింది. దర్జీ మిషను తొక్కడం ఆపలేదు. "నన్నడక్కండమ్మా. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో డబ్బాలు. చెంచాడిస్తే చాలు బాబాయ్ అంటారు. బట్టలు కుట్టించుకోడానికి ఇంతమంది ఎప్పుడూ రాలేదు."

ఆడవాళ్లు అక్కడే ఉన్నారు, జాకెట్టు కొలతలకొచ్చిన అత్తగారితో సహా.

"ఎవరిది వాళ్లిస్తేనే మందు నిలుస్తుందమ్మా," అంది డాక్టరమ్మ.

"ఇస్తే మళ్లీ వరండాలో చదువుతారుగా?" అంది పాలవాడి భార్య.

"చదవను, ఒట్టు! పేర్లకు బదులు నెంబర్లు వేస్తాను. ఆ రోజు చేసింది తప్పే. కానీ ఇది సిగ్గుపడే రోగం కాదు. చెప్పుల్లేకుండా మట్టిలో నడిస్తే ఎవరికైనా వస్తుంది. ఈ మందు గెలిస్తే మీ పిల్లల ఒంట్లో నాలుగు చుక్కల రక్తం నిలుస్తుంది."

పాలవాడి భార్య కాస్త మెత్తబడి, ఖాళీ డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుంది. అది చూసి డాక్టరమ్మకు ఊపొచ్చింది.

"మా అత్తగారిని చూడండి! ఆ వయసులో, అందరికంటే ముందు తన డబ్బా తెచ్చి పెట్టింది. ఆవిడకు లేని సిగ్గు మీకెందుకు?"

అత్తగారు ఉన్నట్టుండి బొత్తాల పెట్టెలో ఏదో వెతకసాగింది.

దర్జీ భార్య నోట్లో దారం పుటుక్కున కొరికింది.

"మా ఆయన మొట్టమొదట నింపింది ఆవిడ డబ్బానేనమ్మా."