చెవి మేస్త్రి గారి చెవి

"ఇదిగో, సంచీ తెచ్చుకో!" అని షెడ్డులోంచి కేక వినపడగానే మేస్త్రి భార్య పొయ్యి కట్టేసింది. ఇంట్లో కూరగాయలు నిండుకున్నాయని కాదు ఆ కేకకి అర్థం. నిన్న తెచ్చినవి బుట్టలో అలాగే ఉన్నాయి. అంతుపట్టని బండి ఏదో షెడ్డుకి వచ్చిందని అర్థం. మేస్త్రి దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళి చూడాలి, పక్క సీట్లో పెళ్ళాం ఉండాలి. ఎందుకుందని ఎవరికీ అనుమానం రాకుండా ఆమె చేతిలో సంచీ ఉండాలి. "ఎలాగూ అటే వెళ్తున్నాం కదా సార్, మా ఆవిణ్ణి మార్కెట్ దగ్గర దింపేస్తా" అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మార్కెట్ దగ్గర దింపిన పాపాన పోలేదు. కూరగాయలు ఆమె తర్వాత నడిచి వెళ్ళి మోసుకొచ్చుకుంటుంది, అది వేరే సంగతి.

ఆ చుట్టుపక్కల అందరూ అతన్ని చెవి మేస్త్రి అంటారు. బోల్టు విప్పకుండా, ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతాడని పేరు. పెద్ద పెద్ద షోరూములు చేతులెత్తేసిన బండ్లు కూడా వెతుక్కుంటూ ఆ షెడ్డుకే వస్తాయి. కానీ ఆ చెవులు పోయి చాలాకాలమైంది. కంప్రెసరు పక్కన, గ్రైండరు పక్కన, రేకుల్ని సుత్తితో సాపు చేసేవాళ్ళ పక్కన గడిపిన వయసంతా వాటిని తినేసింది. ముందు ఫోను మోగడం వినపడటం మానేసింది, తర్వాత పెళ్ళాం గొంతు. ఎదురుగా నిలబడి పెదవులు కనిపించేలా మాట్లాడితే సగం విని సగం ఊహించుకుంటాడు. వెనకనుంచి పిలిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వినికిడి మిషను మాట ఎత్తిన రోజున "చెవి మేస్త్రి చెవిలో మిషనా? దానికంటే షెడ్డుకి తాళం వేసుకోవడం నయం" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అని అత్తగారు ఆమెని కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆవిడ మాటల్లో చమత్కారానికి ఎప్పుడూ లోటు లేదు. "మొగుడు చెవిటివాడైతే పెళ్ళాం మూగదై ఉండాలి అమ్మాయ్, అప్పుడే కాపురం నిలబడేది" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత గిన్నెలు తోముకుంటూ ఆలోచిస్తే అందులో నవ్వడానికి ఏముందో ఆమెకి తెలియలేదు.

పెళ్ళైన కొత్తలో ఆ విద్య నేర్పింది అతనే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి ఆమె చెవికి ఆనించి, "విను, లోపల ఏం జరుగుతోందో అదే చెబుతుంది" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. అంతవరకు ఆమెకి ఎవరూ ఏదీ అంత ఓపిగ్గా నేర్పలేదు. ఆ రోజు అతనంటే కలిగిన ఇష్టం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అదే ఆమె ఖర్మ. అతని చెవులు మొద్దుబారుతున్నకొద్దీ ఆమె చెవి పదునెక్కింది. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంజనుకి కావలసినవి మూడే కదా: పెట్రోలు, నిప్పు, గాలి. బండి నడుస్తుండగా ఆమె అతని మోకాలి మీద వేలితో కొడుతుంది. ఒకసారి కొడితే పెట్రోలు, రెండుసార్లయితే నిప్పు, మూడుసార్లయితే గాలి. షెడ్డుకి తిరిగొచ్చాక అతను తీర్పు చెబుతాడు. "మీ చెవిలో దేవుడేదో పెట్టాడు మేస్త్రి గారూ" అని బండివాళ్ళు నోరెళ్ళబెడతారు. అతను చెవి తడుముకుని నవ్వి, ఆమె వైపు తిరిగి "టీ పట్రా" అంటాడు. వినేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుంది కదా, దానికీ ఒక జోకు తయారుగా పెట్టుకున్నాడు. "మా ఆవిడకి బండెక్కితే చాలు సార్, ఒకటే నిద్ర. కూరగాయల బేరం తప్ప లోకంలో దేని మీదా ధ్యాస లేదు." మొదట్లో అది గుట్టు దాచడానికి చెప్పిన అబద్ధం. చెప్పగా చెప్పగా అది నిజంలా స్థిరపడిపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఆమెతో కూరల ధరలే మాట్లాడతారు.

ఆ రోజు వచ్చింది డాక్టరమ్మ కారు. పురుళ్ళు పోసే డాక్టరు. కారు వాళ్ళమ్మది. ఒకప్పుడు ఆ వీధుల్లో అలాంటిది ఇంకొకటి ఉండేది కాదట, ఆవిడ సొంత సంపాదనతో కొనుక్కుందట. తోలు సీట్లు, ముందంతా నునుపు చెక్క, క్లచ్చు లేని ఆటోమేటిక్ గేరు, తలుపు వేస్తే బయటి గోల బయటే. రంగు వెలిసింది గానీ దర్జా తగ్గలేదు.

"పచ్చలైటు పడగానే తొక్కుతానా, ఒక్క క్షణం ఆలోచిస్తుందండీ," అంది డాక్టరమ్మ వెనక సీట్లోకి ఎక్కేముందు. "వెళ్ళాలా వద్దా అన్నట్టు. ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. మొన్న పెద్ద రోడ్డెక్కుతుంటే లారీ వెనకాలే వచ్చేసింది, గుండె ఆగినంత పనైంది. నిలబెట్టి రేస్ ఇస్తే మాత్రం ఏమీ ఉండదు."

మేస్త్రి ఆవిడ పెదవుల్నే చూస్తూ గంభీరంగా తలాడించాడు.

రోడ్డెక్కగానే ఆమె కళ్ళు మూసుకుంది. మామూలు బండ్లలో ఇంజను ఒళ్ళో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. ఈ కారులో పక్కింటివాళ్ళు గుసగుసలాడుకుంటున్నట్టుంది. సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ కదులుతూ ఉంటే చివరికి దొరికింది. ఇంజను పుంజుకోబోయే లిప్తలో ఎక్కడో సన్నటి ఈల. పళ్ళ సందుల్లోంచి ఊపిరి పీల్చిన చప్పుడు. వెంటనే తడబాటు, ఆ వెంటనే దూకుడు. గాలి వెళ్ళే దారిలో ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోంది. ఆమెకి అనుమానం లేదు.

వినడం కన్నా చెప్పడమే కష్టమైంది. ఆ కారులో ముందు సీట్ల మధ్య వెడల్పాటి చెక్క గట్టు ఉంది. అతని మోకాలు అందాలంటే బాగా ఒరగాలి. సంచీ జారకుండా పట్టుకుని, చెయ్యి చాపి ఒకటి కొట్టింది, రెండు కొట్టింది, అంతలో కారు తడబడి దూకింది. మూడోది వెళ్ళి గట్టుకి తగిలింది. మళ్ళీ చాపబోతే పైన అద్దంలో డాక్టరమ్మ కళ్ళు కనిపించాయి. మొగుడి మోకాలి మీద చెయ్యి వేస్తున్న ఆడదాన్ని చూసి ఆవిడ మర్యాదగా కిటికీ వైపు తిరిగింది. ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది. చెయ్యి ఒళ్ళోకి తెచ్చేసుకుంది.

"నిప్పు సరిగ్గా పడట్లేదు మేడమ్. ప్లగ్గులు, కాయిల్సు మార్చాలి," అని మేస్త్రి కారు దిగుతూనే తేల్చేశాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి మూడు వేళ్ళు చూపించింది. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. భోజనానికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని, మాటలు విడమరిచి చెప్పింది.

"నిప్పు కాదండీ, గాలి. నేను కొట్టింది మూడు. మూడోది మీకు తగల్లేదు."

"చెప్పేశాను కదా. అన్న మాట వెనక్కి తీసుకుంటే నా పరువేం కాను?"

"పరువు సంగతి తర్వాత. ఆవిడ రోడ్డు మీద తిరిగే మనిషి."

"అసలు అంత సైలెంటు బండిలో నాకే ఏమీ వినపడలేదు," అన్నాడు అతను ముద్ద కలుపుతూ. "నీకెలా వినపడింది?"

ఆమెకి ముందు నవ్వొచ్చింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని అతని ముఖంలోకి చూసింది. అక్కడ వేళాకోళం లేదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఆ చెవి తనదేనని నమ్మేశాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు, ఎవరికైనా చెప్పుకుంటే ఇదీ ఒక బాధేనా అంటారు. ఇంత ఇంట్లో వినేది ఎవరు? అత్తగారి దగ్గు ఈ పూట పొడిదా తడిదా, పాలు పొంగడానికి ఇంకెంత ఉంది, వీధి తలుపు తీసింది ఎవరు, అతని గొంతులో ఈ రోజు చిరాకా అలసటా, ఇవన్నీ విని ముందే సర్దుకుంటూ బతికింది. అదంతా ఆమె పనే అని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. కనీసం మోకాలి మీద ఆ వేలి దెబ్బ తనదని అతనికైనా తెలుసనుకుంది. లోకానికి తెలియకపోతే పోనీ, ఆ ఒక్కడికీ తెలిస్తే చాలని ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది. ఆ ఒక్కడికీ తెలియదు. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు. సాయంత్రం ప్లగ్గులు మార్చిన కారు తీసుకెళ్ళడానికి డాక్టరమ్మ వచ్చినప్పుడు, టీ గ్లాసు అందిస్తూ, నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసింది.

వారం తిరక్కుండానే కారు మళ్ళీ వచ్చింది. వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆస్పత్రి డ్రైవరు నడిపి తెచ్చి, తాళాలిచ్చి వెళ్ళిపోయాడు. పక్క సీట్లోంచి దిగిన డాక్టరమ్మ ఎడమచెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది.

"పురిటి కేసు ఉందంటే బయల్దేరాను," అంది ఆవిడ కుర్చీలో కూర్చుంటూ. "మలుపులో బస్సు ఇంకా దూరంగానే ఉంది, దాటేయొచ్చని తొక్కాను. కదల్లేదు. కదిలేసరికి బస్సు మీదికొచ్చేసింది."

"ఆ పురిటామె?" అని అడిగింది మేస్త్రి భార్య.

"ఇంకో డాక్టరు చూసుకుంది. తల్లీ బిడ్డా క్షేమమే. అదృష్టం."

ఆవిడ గొంతులో కోపం లేదు. మేస్త్రి కారు స్టార్టు చేసి, నిలబెట్టే రేస్ ఇచ్చి, చెవి ఒగ్గి విన్నట్టు నటించి, ఆపేశాడు.

"మేడమ్, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. బండిలో లోపం లేదు. ఆడవాళ్ళ కాలు యాక్సిలరేటరు మీద సందేహిస్తుంది. సగం తొక్కి ఆగిపోతారు. తడబడేది బండి కాదు."

డాక్టరమ్మ ఇంతెత్తున లేస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆవిడ లేవలేదు. పట్టీలో ఉన్న చేతిని చూసుకుంది.

"అంతేనేమో," అంది. "మా ఆయనా అదే అంటున్నారు. ఈమధ్య నా కాలు మీద నాకే నమ్మకం పోయింది. కారు అమ్మేస్తాను. ఇక నడపను."

టీ ట్రే పట్టుకుని అక్కడే నిలబడ్డ ఆమె అంతా వింది. అమ్మ కొనుక్కున్న కారుని వేళకాని వేళల్లో కూడా ఒంటరిగా నడుపుకుంటూ వెళ్ళి పురుళ్ళు పోసొచ్చే మనిషి, ఒక రబ్బరు ముక్క ఎక్కడో చిట్లినందుకు తన కాలిని తానే అనుమానించుకుంటోంది. ఇక మిగిలిన బతుకంతా పక్క సీట్లో కూర్చుంటుంది. పక్క సీటు ఎలా ఉంటుందో మేస్త్రి భార్యకి చెప్పాలా? మగవాళ్ళు అన్న మాట ఆడవాళ్ళకి ఇంత తేలిగ్గా ఎలా నిజమైపోతుందని ఆమెకి ఏడుపొచ్చింది. తన సంగతేమిటి మరి? చెయ్యి జారితే జారింది, ఆ సాయంత్రం నోరు ఎందుకు తెరవలేదు?

ట్రే బల్ల మీద పెట్టేసింది.

"డాక్టరు గారూ, మీరు ఒకసారి స్టీరింగు ముందు కూర్చోండి."

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు మేస్త్రి.

ఆమె వెళ్ళలేదు. బానెట్ ఎత్తి పక్కకొచ్చి నిలబడింది. "బ్రేకు గట్టిగా తొక్కిపట్టి స్టార్టు చేసి, కుడిచేత్తోనే గేరు వెయ్యండి. ఆ కాలు తియ్యకుండా రెండో కాలితో యాక్సిలరేటరు కొద్దికొద్దిగా నొక్కండి. భయపడకండి, బండి కదలదు. నేనిక్కడే ఉన్నాను."

డాక్టరమ్మ భయపడుతూనే నొక్కింది. ముందుకు పోవాలన్న ఊపుకి ఇంజను ఒక పక్కకి ఒరిగింది. గేరు వెయ్యకుండా రేస్ ఇస్తే అది అలా ఒరగదు, అందుకే షెడ్డులో ఎప్పుడూ బయటపడలేదు. ఒరిగేసరికి గాలి వెళ్ళే లావాటి రబ్బరు గొట్టం సాగింది. దాని అడుగు మడతలో ఉన్న చీలిక నోరు తెరిచింది. సన్నటి ఈల షెడ్డంతా వినపడింది, ఇంజను తడబడింది. ఆమె తుడిచే గుడ్డ మడిచి చీలిక మీద నొక్కింది. ఈల ఆగిపోయి ఇంజను నిండుగా మోగింది. గుడ్డ తీసింది, మళ్ళీ ఈల, మళ్ళీ తడబాటు.

"వినపడుతోందా అండీ?"

"వినపడుతోంది," అంది డాక్టరమ్మ లోపలినుంచి.

"మీ కాలు తిన్నగానే ఉంది. తడబడింది ఈ గొట్టం. ఇది మారిస్తే చాలు."

డాక్టరమ్మ ఇంజను ఆపి, దిగి వచ్చి చీలికని చూసింది. వేలితో ముట్టుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి మేస్త్రి భార్య చూపు తిప్పుకుంది.

"ఇంత స్పష్టంగా వినపడుతోందే," అంది ఆవిడ నిష్ఠూరం లేకుండా, తెలుసుకుందామన్నట్టు. "మరి మేస్త్రి గారికి ఎలా వినపడలేదు?"

కారుకి అవతలి పక్క మేస్త్రి నిలబడి ఉన్నాడు. వాళ్ళేమనుకుంటున్నారో తెలియక ఇద్దరి పెదవులనీ మార్చి మార్చి చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం ఉంటుందనుకుంది. భయం ఉంది. తప్పిపోయిన పిల్లవాడి ముఖంలో ఉండే భయం. ఆమెకి అతని మీద జాలి వేసింది. ఆ రోజు ట్రాఫిక్కు ఎక్కువగా ఉందండీ, ఆయనకి జలుబు చేసిందండీ, ఇలాంటివి ఆమె దగ్గర బోలెడు ఉన్నాయి, ఏ ఒక్కటి చాలు. చెబితే షెడ్డు పేరు నిలుస్తుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, రేపు ఇంకో బండి వస్తుంది. నిజం చెబితే సాయంత్రానికి ఈ ఇల్లు ఇలా ఉండదు. అత్తగారు ఏమంటుందో కూడా ఆమెకి మాటతో సహా తెలుసు. అతనికి ఏదైనా అర్థం కావాలంటే ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా చెప్పాలి. అందుకని ఆమె డాక్టరమ్మ అడిగినదానికి జవాబు డాక్టరమ్మ వైపు చూస్తూ చెప్పలేదు. మొగుడి వైపు తిరిగింది.

"ఆయనకి వినపడదండీ," అంది, ఒక్కొక్క మాటా విడదీసి. "ఇన్నేళ్ళూ విన్నది నేను."